ఎర్ర బీరుకు బీటురూట్ అక్కర్లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఇంటి పానీయాల గురించి రాస్తూ, విదేశాల్లో సొంతంగా బీరు కాచుకునే మనవాళ్లకు ఒక చిట్కా ఇచ్చారు. బీరు ఎర్రగా రావాలంటే బీటురూట్ రసం పోయాలట, లేదంటే దానిమ్మ రసం, అదీ లేకపోతే మిఠాయిల్లో వేసే ఎర్ర పొడి చిటికెడు. మూడూ పనికొచ్చేవి కావు. బీరుకు అసలైన ఎరుపు వేయించిన గింజల నుంచి వస్తుంది. అది ఎంత వేయాలో, ఎందుకు చెడుతుందో కొలతలతో సహా రాస్తున్నాం. ఉత్తరం పొడవైంది, చోటు చాలకపోతే రెండు విడతలుగా వేసుకోండి గానీ అంకెలు మాత్రం కత్తిరించకండి.

ముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, బీరూ ఆ లెక్కలోదే. అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో వంటింట్లో బీరు కాయమని మేం చెప్పడం లేదు. మీ పేజీలో కూడా ఆ మాట ఒక్క లైను పడి ఉండాల్సింది. అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టం సొంత వాడకానికి కాచుకునే బీరుకు పన్ను తీసేసింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100, అమ్మడానికి మాత్రం వీల్లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన జిల్లాల పిల్లలకు, బెంగళూరులో లైసెన్సుతో అక్కడికక్కడే బీరు కాచి అమ్మే బ్రూపబ్‌లలో పనికి కుదురుకున్నవాళ్లకు ఈ ఉత్తరం. ఇక్కడున్నవాళ్లు బీరును పులియబెట్టే ఈస్ట్ జోలికి పోకుండా రంగు పరీక్ష ఎలా చేసుకోవచ్చో చివర్లో రాశాం.

బీటురూట్‌లో ఉండే ఎరుపు బీటాలైన్ జాతిది. పులుపును తట్టుకుంటుంది గానీ వేడినీ గాలినీ వెలుతురునీ తట్టుకోదు. బీరు కాచేటప్పుడు వేస్తే గంట మరుగుకు చాలా భాగం విరిగిపోయి గోధుమ పసుపు మిగులుతుంది. పులిశాక వేస్తే కొన్నాళ్లు గులాబీ రంగు నిలుస్తుంది, తర్వాత సీసాలోనే వెలిసిపోతుంది. దానికితోడు జియోస్మిన్ అనే మట్టి వాసన. తొలకరి వానకు నేలలోంచి లేచే వాసనలో ఉండేదీ అదే. నేలకు బాగుంటుంది, గ్లాసులో ఎవరికి కావాలి?

దానిమ్మ విషయం వేరు. అనంతపురం తోటల కాయ పిండితే రసం రక్తంలా ఉంటుంది కాబట్టి నమ్మకం కలగడం సహజమే. కానీ అందులోది ఆంథోసయనిన్. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టు, ఈ రంగు కూడా పీహెచ్‌ను బట్టి (పులుపును కొలిచే అంకె ఇది, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మారిపోతుంది, కాకపోతే తిరగేసి. పీహెచ్ 3 దగ్గర నిగనిగలాడే ఎరుపు, 4 దాటేసరికి పాలిపోతుంది, ఇంకా పైకి పోతే ఊదా ఛాయ. మామూలు బీరు పీహెచ్ 4.0 నుంచి 4.6 మధ్య ఉంటుంది, అంటే సరిగ్గా దానిమ్మ రంగు చచ్చే చోట. మిగిలిన కాస్తలోనూ కొంత ఈస్ట్ తన ఒంటికి అంటించుకుని అడుక్కు దిగిపోతుంది. గోగు కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులు ఎండబెట్టి వేస్తే కొంత నయం, ఎందుకంటే వాటి పులుపు అవే తెచ్చుకుంటాయి. 20 లీటర్లకు 50 నుంచి 100 గ్రాములు వేసి, పీహెచ్ 3.5 లోపలికి దిగే పుల్ల బీరు చేస్తే మంచి రంగే వస్తుంది. అయితే అది పుల్లటి, గులాబీ ఛాయ ఉన్న వేరే పానీయం, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి ఉండే ఎర్ర ఏల్ రకం బీరు కాదు.

మిఠాయి రంగుకు వేడి బాధ లేదు, పీహెచ్ బాధ లేదు, అన్నిటికీ ఓర్చుకుంటుంది. కానీ నురగ కూడా గులాబీ రంగుకు తిరుగుతుంది, చూసిన వెంటనే దొరికిపోతారు. మాల్ట్‌తో వచ్చిన ఎర్ర బీరు నురగ పాలమీగడ రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటుంది. బజారులో విడిగా పొట్లం కట్టిచ్చే ఎర్ర పొడి బట్టలకు వేసే రొడమిన్-బి కావచ్చు, దాన్ని ఎందులోనూ వేయకూడదు. 2024లో కర్ణాటక ప్రభుత్వం పీచు మిఠాయిలో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది దాని గొడవ వల్లే.

ఇక అసలు సంగతి. ఎర్ర బీరులో ఎర్ర పదార్థం అంటూ విడిగా ఏదీ లేదు. మాల్ట్‌ను ఆరబెట్టినప్పుడూ వేయించినప్పుడూ చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి మెలనాయిడిన్లు అనే రంగు పదార్థాలు పుడతాయి. ఇవి వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా మింగుతాయి, పచ్చను కొంత తక్కువగా, ఎరుపును అన్నిటికంటే తక్కువగా. పలచగా ఉంటే నీలం మాత్రమే పోయి బీరు పసుపుగా కనిపిస్తుంది. కాస్త చిక్కబడితే పచ్చలో సగం పోయి నారింజ ఛాయ. పచ్చ పూర్తిగా పోయి ఎరుపు మాత్రం గ్లాసు దాటి వచ్చే చోటు ఒకటుంది, మనకు కావాల్సింది ఆ ఇరుకు చోటే. ఇంకా చిక్కబడితే ఎరుపూ ఆగిపోతుంది, నలుపు మిగులుతుంది. మెలనాయిడిన్లు తగినన్ని ఉన్నా బీరు మడ్డిగా ఉంటే అన్ని రంగుల వెలుతురూ చెదిరి కంటికి చేరుతుంది, అప్పుడు కనిపించేది ఇటుక పొడి కలిపిన నీళ్ల రంగు. కాబట్టి ఎరుపు కావాలంటే సరైన చిక్కదనం ఉండాలి, అద్దంలాంటి తేట ఉండాలి. ఈ ఉత్తరంలో మిగిలిందంతా ఈ రెండు సాధించడం గురించే.

చిక్కదనాన్ని ఎస్‌ఆర్‌ఎం అనే అంకెతో చెబుతారు. 430 నానోమీటర్ల దగ్గర, ఒక సెంటీమీటరు మందంలో బీరు ఎంత వెలుతురు మింగిందో కొలిచి 12.7తో హెచ్చవేస్తారు. ఐరోపా వాళ్ల ఈబీసీ అంకె దీనికి దాదాపు రెట్టింపు, సరిగ్గా చెప్పాలంటే 1.97 రెట్లు. గమనించాల్సింది ఏమిటంటే 430 అనేది నీలం కొసన ఉండే ఒకే ఒక్క బిందువు. అది ముదురు ఎంతో చెబుతుంది, ఛాయ ఏదో చెప్పదు. రెండు బీర్లకూ 14 వచ్చి, ఒకటి కెంపులా, ఇంకొకటి రాగి చెంబులా ఉండొచ్చు. బీరు పోటీల న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ పట్టికలో ఐరిష్ రెడ్ ఏల్‌కు 9 నుంచి 14 అని ఉంది. 9 దగ్గర అది ఎరుపు కాదు, రాగి. కంటికి ఎరుపనిపించేది 13 నుంచి 16 మధ్యలోనే, మేం 14ను గురిగా పెట్టుకోమంటాం.

లెక్క వేసుకోవడం కష్టం కాదు. ప్రతి గింజ సంచి మీదా దాని రంగు లోవిబాండ్ డిగ్రీల్లో ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ గింజ ముదురు. ఒక్కో గింజ కిలోలను దాని లోవిబాండ్‌తో హెచ్చవేసి, అన్నీ కూడి, 8.345తో గుణించి, తయారయ్యే లీటర్లతో భాగించాలి. వచ్చిన సంఖ్యను 0.6859 ఘాతానికి పెంచి 1.4922తో హెచ్చవేస్తే ఎస్‌ఆర్‌ఎం వస్తుంది. దీన్ని మోరే సూత్రం అంటారు, ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటరు చాలు. సంచి మీద ఈబీసీ మాత్రమే ఉంటే దానికి 1.2 కలిపి 2.65తో భాగిస్తే లోవిబాండ్ దొరుకుతుంది.

20 లీటర్లకు మా కొలత ఇది: 3 లోవిబాండ్ పేల్ మాల్ట్ (లేత రంగుది) 3.8 కిలోలు, 60 లోవిబాండ్ క్రిస్టల్ మాల్ట్ (పాకం తీపి ఉండేది) 300 గ్రాములు, 300 లోవిబాండ్ రోస్టెడ్ బార్లీ (నల్లగా వేయించినది) 110 గ్రాములు. గుణించి చూడండి: 11.4, 18, 33, మొత్తం 62.4. దాన్ని 8.345తో గుణించి 20తో భాగిస్తే 26 వస్తుంది, దానికి ఎస్‌ఆర్‌ఎం 14కు కాస్త ఇటుగా. నాలుగు కిలోలు దాటిన గింజల్లో బరువుకు 110 గ్రాములే, రంగులో మాత్రం సగానికి పైగా దానిదే. అందుకే ఎరుపు తెచ్చేదీ చెడగొట్టేదీ ఆ గుప్పెడు గింజలే. దాన్ని 50 గ్రాములకు తగ్గిస్తే ఎస్‌ఆర్‌ఎం 11కు పడిపోయి రాగి రంగు వస్తుంది. 160కి పెంచితే 16, ముదురు ఎరుపు, అక్కడితో ఆగాలి. 250 వేస్తే 20 తాకుతుంది, దీపానికి అడ్డం పెడితే అంచున ఎరుపు కనిపిస్తుంది గానీ బల్ల మీద పెడితే గోధుమే, పైగా నాలుకకు మాడు. గుప్పెడు అని పోస్తే కుదరదు, గ్రాము వరకు చూపే త్రాసు కావాలి. ఇంకో మెలిక ఉంది. అమెరికాలో దొరికే రోస్టెడ్ బార్లీ చాలావరకు 300 దగ్గర ఉంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చేవాటిలో 500 దాటినవి ఉన్నాయి. 500 గింజైతే 66 గ్రాములకే అదే రంగు. సంచి మార్చి కొలత మార్చకపోతే ఎర్ర బీరు బదులు గోధుమ బీరు కాచినట్టే.

రోస్టెడ్ బార్లీ లేకుండా క్రిస్టల్ మాల్టే ఎక్కువ వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. అదే 14 రావాలంటే క్రిస్టల్ 300 నుంచి 850 గ్రాములకు పెంచాలి, అంటే గింజల్లో అయిదో వంతుకు దగ్గర. బీరు పాకంలా తీపెక్కుతుంది, రంగు కూడా నారింజ కలిసిన రాగిలో ఆగిపోతుంది. అంకె ఒకటే, ఛాయ వేరు అన్నది ఇక్కడే తెలుస్తుంది. చాకొలెట్ రంగు వచ్చేదాకా వేయించిన చాకొలెట్ మాల్ట్ వేస్తే గోధుమ వైపుకు లాగుతుంది. వేయించిన వాసన అసలు వద్దనుకునేవాళ్లకు పొట్టు తీసి వేయించిన కరాఫా స్పెషల్ రకాలు ఉన్నాయి, మాడు చేదు బాగా తక్కువ. ఆ కరాఫా నుంచే తీసిన సినమార్ అనే ద్రవం కూడా అమ్ముతారు, చివర్లో చుక్కలుగా కలిపి రంగు సరిదిద్దుకోవచ్చు. మాల్ట్ నుంచే వచ్చింది కాబట్టి దాన్ని దొంగ రంగు అనలేం.

జర్మనీ బెస్ట్‌మాల్ట్స్ కంపెనీ రెడ్ ఎక్స్ అనే మాల్ట్ చేస్తుంది. మొత్తం గింజలూ అదే వేసుకోవచ్చని కంపెనీయే చెబుతుంది. దాని రంగు ఈబీసీలో 30 దగ్గర, అంటే 12 లోవిబాండ్. 20 లీటర్లకు 5 కిలోలు వేస్తే ఎస్‌ఆర్‌ఎం 13.6 వస్తుంది, 4 కిలోలకు 12 దాటదు. రెడ్ ఎక్స్ వేశాం, ఎరుపు రాలేదు అనేవాళ్లలో చాలామంది పలచటి బీరు కాచినవాళ్లే. ఎరుపు రావాలంటే బీరు కాస్త గట్టిగానే ఉండాలి. గట్టి బీరు వద్దు, ఎరుపు మాత్రం కావాలి అంటే 40 గ్రాముల రోస్టెడ్ బార్లీ తోడు వేసుకోండి.

వేసే పద్ధతిలో కూడా తేడా ఉంది. పేల్ మాల్ట్, క్రిస్టల్ మాల్ట్ పిండి చేయకుండా పగిలేలా మర పట్టించి, 66 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానబెట్టాలి. రోస్టెడ్ బార్లీని మాత్రం మెత్తగా, కాఫీ పొడికి కాస్త బరకగా పట్టి, ఆ గంటలో చివరి 15 నిమిషాలకు పైన చల్లాలి. రంగు నీళ్లలోకి తొందరగా దిగుతుంది, మాడు చేదు నిదానంగా దిగుతుంది. ఆ తేడానే మనం వాడుకుంటున్నాం. తర్వాత గింజల మీద పోసి కడిగే నీళ్లు 77 డిగ్రీలు దాటకూడదు, దాటితే పొట్టులోని టానిన్లు దిగి రంగూ రుచీ రెండూ వగరెక్కుతాయి.

ఇప్పుడు నీళ్లు. ఎరుపు పోయిందని వచ్చే ఫిర్యాదుల్లో గింజల పాపం ఎంతో నీళ్ల పాపమూ అంతే. మన నీళ్లతో ఉదాహరణ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది, టెక్సాస్‌లో ఉన్నవాళ్లకూ అదే వర్తిస్తుంది. నానబెట్టినప్పుడు పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే అది 5.8, 6.0కు ఎక్కుతుంది. అప్పుడు పొట్టు టానిన్లు ఎక్కువగా దిగుతాయి, మరిగేటప్పుడు రంగు మరింత ముదిరి గోధుమవుతుంది, ప్రోటీన్లు సరిగా విరగక తేట కూడా చెడుతుంది. వేయించిన గింజలకు సహజంగా పులుపుంటుంది కాబట్టి నల్ల బీర్లు ఈ నీళ్లను తట్టుకుంటాయి. మనం వేసే 110 గ్రాములకు అంత సత్తువ లేదు.

కడప బండ సున్నపురాయి. బేతంచెర్ల బండ కూడా అదే జాతి. ఆ రాళ్ల మీదుగా వచ్చిన నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ జంటగా ఉంటాయి. కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అది ఆ జంట విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా దిగినది. ఇలాంటి నీళ్లను 15 నిమిషాలు మరిగించి, రాత్రంతా చల్లారనిచ్చి, పైనున్న తేట వంపుకుంటే ఆల్కలినిటీ, అంటే పులుపును విరిచే గుణం, బాగా తగ్గుతుంది. అనంతపురం వైపు నేల అడుగున గ్రానైట్, నీస్ రాళ్లు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో మామూలుగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. ఇవి ఎంత మరిగించినా పెచ్చు కట్టవు, ఆల్కలినిటీ తగ్గదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా పెరుగుతుంది. సబ్బు బాగా నురగ వస్తోంది కదా, మెత్తటి నీళ్లే అనుకుని మోసపోయేది ఇక్కడే. కర్నూలులో తుంగభద్ర నీళ్లూ వీధి చివరి బోరు నీళ్లూ కూడా ఒకటి కావు. టెస్టింగ్ ల్యాబ్‌కు ఒక లీటరు సీసా పంపి మొత్తం ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము అడిగి రాయించుకోండి. తాగునీటి భారతీయ ప్రమాణంలో ఆల్కలినిటీకి లీటరుకు 200 మిల్లీగ్రాములు హద్దు, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. తాగడానికి ఒప్పిన నీళ్లన్నీ ఎర్ర బీరుకు ఒప్పవు.

లెక్క ఇలా చూడాలి. మొత్తం ఆల్కలినిటీలోంచి కాల్షియంను 1.4తో, మెగ్నీషియంను 1.7తో భాగించి వచ్చినవి తీసేస్తే మిగిలేదే బీరు మీద పడే అసలు ఆల్కలినిటీ. ఆల్కలినిటీ 300, కాల్షియం 60, మెగ్నీషియం 36 ఉన్న బోరు నీళ్లు అనుకోండి. 43, 21 తీసేస్తే 236 మిగిలింది. ఎర్ర బీరుకు ఇది 60 దాటకుండా ఉంటే మంచిది. ఒక వంతు బోరు నీళ్లకు మూడు వంతులు ఆర్‌ఓ నీళ్లు కలిపితే 236 కాస్తా 59 అవుతుంది. ఊరూరా 20 లీటర్ల క్యాన్లు అమ్మే చోట ఇది పెద్ద ఖర్చేమీ కాదు. అలా పలచబరిస్తే కాల్షియం కూడా 15కు పడిపోతుంది, ఈస్ట్ గడ్డకట్టి దిగాలన్నా బీరు తేటపడాలన్నా 50 దాకా కావాలి. అందుకని 20 లీటర్లకు 3 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలపాలి, ఆహారానికి వాడే రకమే సుమా. అప్పటికీ పీహెచ్ ఎక్కువ చూపిస్తే 88 శాతం లాక్టిక్ యాసిడ్ ఒక మిల్లీలీటరు వేసి, కలిపి, మళ్లీ చూడాలి. మీటరులో పెట్టే నమూనాను గది వేడికి చల్లార్చాకే చూడాలి, వేడి మీద అంకె తప్పు చూపిస్తుంది, మీటరు కొస కూడా పాడవుతుంది.

ఇనుము గురించి ఒక్క మాట. టానిన్‌కు ఇనుము తగిలితే పుట్టేది సిరా, పాతకాలం సిరా చేసిందీ అలాగే. నీళ్లలో ఇనుము లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే ఎరుపు మీద బూడిద ఛాయ పడుతుంది. ఇనుప బాండలి వాడొద్దు, స్టీలు గిన్నె మేలు.

గింజల నుంచి వడకట్టిన నీళ్లను మరిగించడం 60 నిమిషాలు చాలు. రెండు గంటలు మరిగిస్తే రంగు ముదురుతుంది నిజమే, గోధుమ వైపుకే. గింజలు కాకుండా మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాతో చేసేవాళ్లకు ఎరుపు ఎందుకు రాదంటే, పాకం రూపంలో ఉండే ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాలో పాతబడేకొద్దీ దానంతట అదే నల్లబడుతుంది, గిన్నె అడుగున అంటుకుని మాడుతుంది కూడా. వాళ్లు పొడి ఎక్స్‌ట్రాక్ట్ కొని, మంట ఆపి కలిపి, సగానికి పైగా చివరి పది నిమిషాల్లో వేయాలి. క్రిస్టల్, రోస్టెడ్ గింజలను పలచటి గుడ్డ సంచిలో కట్టి 68 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ముంచి తీయాలి, సంచిని పిండకూడదు.

మరుగు ఇంకా పది నిమిషాల్లో ముగుస్తుందనగా ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు 5 గ్రాములు వేస్తే ప్రోటీన్లు తరకలుగా కట్టి దిగుతాయి. తొందరగా చల్లార్చడమూ అందుకే. ఈస్ట్ విషయంలో గట్టిగా గడ్డకట్టి అడుక్కు దిగే ఐరిష్ లేదా ఇంగ్లిష్ ఏల్ రకం ఎంచుకుని 18, 19 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఈ దశలో బకెట్టులోకి తొంగిచూసి, నల్లగా ఉంది, పాడైందని గాభరా పడేవాళ్లున్నారు. ఒక అడుగు లోతున్న బీరు ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది. పులిసేకొద్దీ రంగు కాస్త తేలిక పడుతుంది కూడా. నమూనాను 6, 7 సెంటీమీటర్ల వెడల్పు గ్లాసులోకి తీసి, మడ్డి దిగనిచ్చి, వెనక తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడాలి. ట్యూబ్‌లైటు కింద చూసిన తీర్పు చెల్లదు, దాని వెలుతురులో ఎరుపు భాగం తక్కువ.

పులియడం పూర్తయ్యాక 1, 2 డిగ్రీల చలిలో మూడు రోజులు పెడితే, గది వేడిలో కరిగి ఉండి చల్లబడితేనే కనబడే మబ్బు గడ్డకట్టి దిగుతుంది. ఇంకా తేట కావాలంటే 3 గ్రాముల జెలటిన్‌ను 150 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, మరగనివ్వకుండా 65, 70 డిగ్రీల దాకా వేడిచేసి, చల్లటి బీరులో పోసి రెండు రోజులు ఆగాలి. జెలటిన్ జంతువుల నుంచి తీసేది, శాకాహారులకు ముందే చెప్పడం మర్యాద. వాళ్ల కోసమైతే నాచుతో సరిపెట్టి, చలిలో ఉంచడం వారం పొడిగించండి. ఈ ఒక్క మెట్టు వదిలేసి, గింజల కొలత అంతా సరిగ్గా ఉన్నా ఎరుపు రాలేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. అదే బీరు రెండు వారాల తర్వాత ఫ్రిజ్ అడుగున మరిచిపోయిన సీసాలోంచి పోస్తే కెంపులా దిగుతుంది.

మన ఎర్ర రాగులు వేస్తే పోలేదా అనే ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. రాగి గింజల ఎరుపు పొట్టుకు అంటిన టానిన్‌ది. అది నీళ్లలోకి ఎరుపుగా దిగదు, వేడికీ పీహెచ్‌కీ గోధుమగా, బూడిదగా తిరుగుతుంది. సంగటి రంగు చూస్తే తెలియడం లేదూ? జొన్నల్లో మాత్రం అవకాశం ఉంది. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో వాళ్ల డోలో బీరు ఎర్ర జొన్న మాల్ట్‌తోనే చేస్తారు. ఎర్ర జొన్నలో ఉండే రంగు ఆంథోసయనిన్‌కు దగ్గర బంధువే అయినా పీహెచ్ మార్పును దానికంటే బాగా తట్టుకుంటుంది. అయితే మన చేలలో ఎక్కువగా పండేది తెల్ల, పసుపు జొన్న, దానికి ఆ గుణం లేదు. కిరాణా కొట్లో దొరికే తెల్ల బార్లీ కూడా పొట్టు తీసి పాలిష్ పట్టినది, మొలకెత్తదు కాబట్టి మాల్ట్ కాదు.

ఈస్ట్ లేకుండా రంగు పరీక్ష ఎలాగంటే, లీటరు ఆర్‌ఓ నీళ్లను 68 డిగ్రీలకు వేడిచేసి, అందులో నలగ్గొట్టిన క్రిస్టల్ మాల్ట్ 15 గ్రాములు, రోస్టెడ్ బార్లీ 5.5 గ్రాములు 20 నిమిషాలు ముంచి, కాఫీ వడపోసే కాగితంలో వడకట్టండి. 20 లీటర్లకు వేసే పాళ్లు ఇవే. పేల్ మాల్ట్ రంగు ఇందులో లేదు కాబట్టి అసలు బీరు దీనికంటే ఒక మెట్టు ముదురుగా ఉంటుంది. అదే కొలత బోరు నీళ్లతో ఇంకో గిన్నెలో చేసి రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూడండి, నీళ్ల గురించి మేం రాసిందంతా కళ్ల ముందే ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫుడ్ టెక్నాలజీ పిల్లలకు ఇది మంచి ప్రాక్టికల్. పులియబెట్టేది ఏమీ లేదు కాబట్టి చట్టంతో పేచీ లేదు, చక్కెర వేసుకుని తాగేయొచ్చు కూడా.

చివరగా గాలి. పులిశాక బీరుకు ఆక్సిజన్ తగిలితే రంగు కూడా పోతుంది. సీసాలోకి పోసిన రోజు కెంపులా ఉన్నది నెల తిరిగేలోపు తడి అట్టపెట్టె వాసనతో గోధుమకు తిరుగుతుంది. గొట్టం సీసా అడుగుకు తగిలేలా పెట్టి, పైనుంచి ధార పడకుండా నింపాలి. మూత కింద రెండు, మూడు సెంటీమీటర్లకు మించి ఖాళీ వదలకూడదు. సీసాలో గ్యాస్ పట్టేదాకా 20 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత ఫ్రిజ్‌కు మార్చాలి. డల్లాస్ గ్యారేజీ ఎండాకాలంలో అనంతపురం మిద్దెకు ఏమీ తీసిపోదు, అక్కడ పెట్టిన సీసాలో ఎరుపు నిలవదు.

ఇట్లు,
మాల్ట్, నీటి పరీక్షల రంగంలో పనిచేస్తున్న ఇద్దరు పాఠకులు,
అనంతపురం